లాగిన్ పేజీ వెనకాల డేటాబేస్

2020 డిసెంబరు 14న, మన దేశంలో సాయంత్రం 5 గంటలు దాటాక, జీమెయిల్, యూట్యూబ్, గూగుల్ డ్రైవ్ ప్రపంచమంతటా ఒకేసారి మొరాయించాయి. ముప్పావు గంటకు పైగా అదే పరిస్థితి. ఎవరి ఉత్తరాలూ చెరిగిపోలేదు, ఎవరి వీడియోలూ పోలేదు. అవి దాచిన సర్వర్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. లాగిన్ అవుతున్న మనిషి ఎవరో తేల్చే సేవ ఒక్కటే చతికిలబడింది. గూగుల్ తర్వాత బయటపెట్టిన నివేదికలో కారణం చెప్పింది. ఖాతాల వివరాలు చూసే ఆ సేవను కొత్త కోటా పద్ధతిలోకి మార్చే పని సాగుతుండగా, పాత పద్ధతి తాలూకు ముక్క ఒకటి మిగిలిపోయి, ఆ సేవ వాడకం సున్నా అని లెక్క చూపించింది. వాడకం లేదు కదా అని యంత్రం దాని కోటా కోసేసింది. దాంతో డేటాబేస్‌లో కొత్త రాతలు పడడం ఆగిపోయింది. కాసేపటికి ఉన్న వివరాలు పాతబడ్డాయి. పాతబడిన వివరాలు చూసి ఎవరినీ లోపలికి పంపకూడదన్నది ఆ సేవకు ముందే పెట్టిన భద్రతా నియమం. నియమం ప్రకారం అది అందరినీ తిరగ్గొట్టింది.

ఆ నియమం దగ్గర ఒక నిమిషం ఆగుదాం. మామూలు డేటాబేస్‌లో వివరం కాస్త పాతబడితే కొంప మునగదు. పుస్తకాల దుకాణం జాబితాలో నిన్నటి ధర కనిపిస్తే దుకాణదారు సర్దుకుంటాడు. గుర్తింపు విషయంలో పాత వివరం తప్పుడు వివరంతో సమానం. నిన్న ఉద్యోగం మానేసిన మనిషి ఇవాళ కూడా లోపలికి వచ్చేస్తాడు. అందుకే గుర్తింపు నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెట్టుకునే సంస్థలకు నేను చెప్పదలచుకున్నది ఇది: దాని డేటాబేస్‌ను అన్ని పనులూ అయ్యాక చివర్లో, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల చేత పెట్టించకండి. ముందు దాన్ని పెట్టండి. ఆ సంస్థ భద్రతకు ఎవరు జవాబుదారో వాళ్లే కూర్చుని పెట్టించండి. లాగిన్ పేజీ మీద లోగో ఎడమవైపా కుడివైపా అన్న దాని మీద సమావేశాల మీద సమావేశాలు జరుగుతాయి. డేటాబేస్‌కు ఎవరెవరు కనెక్ట్ కావచ్చన్నది మాత్రం ఏ సమావేశంలోనూ ప్రస్తావనకు రాదు.

మాట గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. కీక్లోక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రెడ్ హ్యాట్ ఇంజనీర్లు మొదలుపెట్టారు, 2014లో తొలి విడుదల వచ్చింది, 2023 నుంచి క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ గొడుగు కింద ఉంది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, రుసుము లేదు. ఒక సంస్థలో జీతాలకొక అప్లికేషన్, సెలవులకొకటి, ఫైళ్లకొకటి ఉంటే, అన్నిటికీ కలిపి ఒకేచోట లాగిన్ అయ్యే ఏర్పాటు చేస్తుంది. అసలు పనిలో వివరాలు దాచుకోవడానికి దానికి సొంత డేటాబేస్ లేదు. పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్, మరియా డీబీ, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటివాటిలో ఏదో ఒకటి మనం అమర్చిపెట్టాలి. బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆధ్వర్యంలో మొదలైన ప్రాజెక్టు నుంచి పుట్టిన పోస్ట్‌గ్రెస్‌ను దీనికి జోడీగా చాలామంది ఎంచుకుంటారు. మనమూ దాన్నే తీసుకుందాం.

ఆ డేటాబేస్‌లో ఏముంటుందని అడిగితే, యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు అని ఠక్కున జవాబు వస్తుంది. వెంటనే ఒక అభ్యంతరం కూడా వస్తుంది: పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టు దాచరు, వెనక్కి తిప్పడం కష్టమైన రూపంలోకి మార్చి, అంటే హ్యాష్ చేసి దాచుతారు, కాబట్టి డేటాబేస్ ఎవరి చేతిలో పడినా భయం లేదు కదా అని. ఇందులో సగం నిజం ఉంది. 2012లో లింక్డిన్ నుంచి బయటపడిన పాస్‌వర్డ్ హ్యాష్‌లు సాల్ట్ కలపని పాత షా-1 పద్ధతిలో చేసినవి. మొదట 65 లక్షలని అనుకున్నవి, 2016 నాటికి 11 కోట్లు దాటాయని తేలింది. వాటిని విప్పడం దొంగలకు పెద్ద కష్టం కాలేదు. ఇప్పటి పద్ధతులు అంతకంటే ఎన్నో రెట్లు గట్టివి. కీక్లోక్ 24వ వెర్షన్‌లో ఒక్కో పాస్‌వర్డ్‌ను 2,10,000 సార్లు తిప్పి హ్యాష్ చేసే పద్ధతి వచ్చింది, 25వ వెర్షన్ నుంచి ఆర్గాన్ టూ వచ్చింది. పాస్‌వర్డ్‌ల వరకు ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను. కానీ అదే డేటాబేస్‌లో హ్యాష్ చేయడానికి వీల్లేనివి ఇంకా ఉన్నాయి. ఫోన్‌లో ఆరంకెల కోడ్ పుట్టించే రహస్యం ఉంది. ఒక్కో అప్లికేషన్ కీక్లోక్‌తో మాట్లాడేందుకు వాడే క్లయింట్ సీక్రెట్ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, లాగిన్ అయినవాళ్లకు గుర్తింపుగా ఇచ్చే టోకెన్ల మీద సంతకం చేసే ప్రైవేట్ కీ ఉంది. ఇవన్నీ తిరిగి వాడుకోవలసినవి, కాబట్టి మామూలు అమరికలో చదవగలిగే రూపంలోనే పట్టికల్లో ఉంటాయి.

సంతకం చేసే కీ అంటే పాత సంస్థానాల్లో రాజముద్ర వంటిది. ముద్ర చేజిక్కినవాడికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఎవరి పేరుతో హుకుం కావాలంటే ఆ పేరుతో తనే రాసుకుంటాడు. ఇది ఊహాగానం అనిపిస్తే 2023 జులైలో మైక్రోసాఫ్ట్ వెల్లడించిన ఉదంతం చూడండి. వ్యక్తిగత ఖాతాల కోసం ఉన్న సంతకం కీ ఒకటి చొరబాటుదారులకు చిక్కింది. దానితో వాళ్లు నకిలీ టోకెన్లు తయారుచేసి, అమెరికా ప్రభుత్వ శాఖలతో సహా 25 దాకా సంస్థల ఈమెయిళ్లు చదివారు. ఆ కీ డేటాబేస్‌లోంచే పోయిందని నేను అనడం లేదు. ఒక్క కీ పోతే ఏమవుతుందో చూపడానికి చెబుతున్నాను. కీక్లోక్‌ను మామూలుగా పెట్టుకున్న చోట అలాంటి కీ ఉండేది పోస్ట్‌గ్రెస్‌లో. ఆ పట్టికను చదవగలిగిన ప్రతి చేయీ, దాని బ్యాకప్ ఫైలును కాపీ చేసుకోగలిగిన ప్రతి చేయీ ముద్రను పట్టుకున్న చేయే.

ఇంత విలువైనదాన్ని పెట్టే తీరు ఎలా ఉంటుందో చూద్దాం. కీక్లోక్‌ను దింపుకుని పరీక్షా విధానంలో నడిపితే, ఏ డేటాబేస్ పేరూ అడక్కుండానే అది లేచి కూర్చుంటుంది. హెచ్ టూ అనే చిన్న డేటాబేస్‌ను తనతోనే తెచ్చుకుని ఒక ఫైలులో అన్నీ రాసుకుంటుంది. ఇది ప్రయత్నించి చూడడానికే, అసలు పనికి వాడవద్దు అని కీక్లోక్ పత్రాల్లో స్పష్టంగా రాసి ఉంది. అయినా వాడేవాళ్లున్నారు. ప్రయత్నంగా మొదలైంది బాగానే నడుస్తోంది కదా అని పది మందికి ఇస్తారు, పది వంద అవుతుంది, ఈలోగా ఎవరో ఆ కంటైనర్‌ను తీసేసి కొత్తది పెడతారు. ఫైలు కంటైనర్ లోపలే ఉండిపోయి ఉంటే, యూజర్లతో సహా అన్నీ దానితోపాటే పోతాయి. మాది 40 మంది ఉన్న ఆఫీసు, మాకెందుకింత హంగామా అనే మాటకు ఇక్కడ జవాబు చెప్పాలి. హంగామా అక్కర్లేదు, నిజమే. 40 మందికి మూడు సర్వర్ల క్లస్టర్ కట్టించేవాళ్లను చూస్తే నాకు ముచ్చట వేయదు. ఎవరికీ అర్థంకాని క్లస్టర్ ఒంటరి సర్వర్ కంటే ప్రమాదం. కానీ ఒక్క పోస్ట్‌గ్రెస్ సర్వర్ పెట్టడానికి డబ్బు ఖర్చు లేదు, ఒక పూట పని. తర్వాత మార్చుకోవచ్చు లెమ్మనేవాళ్లకు కూడా ఒక మాట. హెచ్ టూ నుంచి బయటికి తీసి పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించే దారి ఉంది. ఆ పని చేయడానికి సేవ ఆపాలి. అప్పటికి ప్రతి అప్లికేషనూ దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆపడానికి అనుమతి ఇచ్చే నాథుడు దొరకడు.

సరే, పోస్ట్‌గ్రెస్ పెట్టారు. ఇక్కడ అందరూ తట్టుకునే రాయి ఒకటుంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కీక్లోక్ కోసం ఒక డేటాబేస్, దానికి ఒక ప్రత్యేక యూజర్ సృష్టించి, ఆ డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఇచ్చామనుకుంటారు. కీక్లోక్ మొదలవగానే పబ్లిక్ స్కీమాలో పట్టికలు కట్టడానికి అనుమతి లేదని ఎర్రర్ వస్తుంది. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ ఆ స్కీమాలో పట్టికలు కట్టే హక్కును అందరికీ ఇవ్వడం మానేసింది. పాత వెర్షన్ల కోసం రాసిన సూచనలు చూసి పనిచేస్తున్నవాళ్లకు ఇది అంతుపట్టదు. అసలు మందు చాలా చిన్నది: ఆ డేటాబేస్‌కు కీక్లోక్ యూజర్‌నే యజమానిగా చేయడం. గడువు మీద పడినప్పుడు జరిగేది వేరు. ఆ యూజర్‌ను సూపర్‌యూజర్ చేసేస్తారు, ఎర్రర్ పోతుంది, పని అయిందనిపించుకుంటారు. సర్వర్‌లోని అన్ని డేటాబేస్‌లనూ తెరవగల, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆజ్ఞలు సైతం నడిపించగల హక్కు, ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే సాఫ్ట్‌వేర్ చేతిలో అలాగే ఉండిపోతుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఎవరు ఎక్కడి నుంచి కనెక్ట్ కావచ్చో నిర్ణయించే పీజీ హెచ్‌బీఏ అనే ఫైలుదీ ఇదే కథ. పోస్ట్‌గ్రెస్ మొదట్లో తన సొంత యంత్రం నుంచి వచ్చే పిలుపులే వింటుంది. కీక్లోక్ వేరే యంత్రంలో ఉంటే తలుపు తెరవక తప్పదు. కీక్లోక్ నడిచే ఒకటి రెండు చిరునామాలకు, ఆ ఒక్క యూజర్‌కు, ఆ ఒక్క డేటాబేస్‌కు అని ఒక వరుస రాస్తే చాలు. పాస్‌వర్డ్ పరీక్షకు స్క్రామ్ పద్ధతి వాడాలి. 2017లో 10వ వెర్షన్‌తో వచ్చిన ఆ పద్ధతి 14వ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్‌లు దాచే సహజ పద్ధతి అయింది. రెండు యంత్రాల మధ్య తీగ మీద పోయేది ఎన్‌క్రిప్ట్ చేయాలి, అవతలి సర్వర్ సర్టిఫికెట్‌ను, పేరును సరిచూసుకోమని కూడా కీక్లోక్‌కు చెప్పాలి. ఆఫీసు లోపలి నెట్‌వర్కే కదా అన్న ధీమా కొందరికి ఉంటుంది. లోపలి నెట్‌వర్క్‌లో ఎవరిని నమ్మవచ్చో తేల్చడానికే ఈ సాఫ్ట్‌వేర్ పెడుతున్నప్పుడు, దాని సొంత కనెక్షన్‌కు ఆ నమ్మకాన్ని ముందే దానం చేయడం వింత. ఇక డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కాన్ఫిగరేషన్ ఫైలులో అందరికీ కనబడేలా రాసిపెట్టకుండా కీస్టోర్‌లో దాచుకునే వీలు కీక్లోక్ ఇస్తుంది.

కనెక్షన్ల సంఖ్య గురించి రెండు ముక్కలు. పోస్ట్‌గ్రెస్ ఏమీ మార్చకుండా ఉంటే ఒకేసారి 100 కనెక్షన్లు తీసుకుంటుంది, వాటిలో 3 సూపర్‌యూజర్లకు పక్కన పెడుతుంది. కీక్లోక్ కూడా ఏమీ మార్చకుండా ఉంటే ఒక్కో సర్వర్ నుంచి 100 దాకా తెరవగలదు. భద్రంగా ఉంటుందని రెండో కీక్లోక్ సర్వర్ పెట్టిన సంస్థలో, రద్దీ పెరిగిన రోజున రెండూ కలిసి 200 దాకా అడగవచ్చు. పైగా 26వ వెర్షన్ నుంచి యూజర్ సెషన్లు కూడా డేటాబేస్‌లోకే వస్తున్నాయి. అంతకుముందు మామూలు సెషన్లు సర్వర్ జ్ఞాపకంలోనే ఉండేవి, సర్వర్లన్నీ ఆపి మళ్లీ మొదలుపెడితే అందరూ మళ్లీ లాగిన్ కావలసి వచ్చేది. ఇప్పుడా బాధ తప్పింది. బదులుగా ప్రతి లాగిన్ డేటాబేస్‌లో ఒక రాత అయింది. పాత లెక్కలతో కొన్న డిస్కు దీనికి చాలుతుందో లేదో చూసుకోవాలి.

అక్షరాల క్రమం సంగతి చాలామంది వినే ఉండరు. 2018లో లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 వెర్షన్‌లో, పదాలను ఏ వరుసలో పేర్చాలనే నియమాలు పెద్దయెత్తున మారాయి. పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌లు ఆ వరుసనే నమ్ముకుని కట్టినవి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చి, పాత డేటా ఫైళ్లను అలాగే తగిలిస్తే, ఇండెక్స్ ఒక వరుసలో ఉంటుంది, వెతుకులాట మరో వరుసలో సాగుతుంది. ఉన్న యూజర్ లేడని జవాబు రావచ్చు. రెండోసారి రాకూడని యూజర్‌నేమ్ రెండోసారి నమోదు కావచ్చు. గుర్తింపు డేటాబేస్‌లో ఒకే పేరు మీద ఇద్దరు ఉండడం కంటే పెద్ద కీడు ఏముంటుంది? ఇండెక్స్‌లను మళ్లీ కట్టిస్తే సరిపోతుంది, కట్టించాలని తెలిసిన మనిషి ఉండాలి. ఎన్‌కోడింగ్ కూడా మొదటిరోజే చూసుకోవలసినదే. పోస్ట్‌గ్రెస్‌ను సీ లొకేల్‌తో, వేరే ఏమీ చెప్పకుండా పెడితే అది ఎస్‌క్యూఎల్ ఆస్కీ అనే ఎన్‌కోడింగ్ తీసుకుంటుంది, లోపలికి వచ్చే బైట్లు సరైన అక్షరాలో కాదో పరీక్షించదు. పేర్లు తెలుగులో నమోదు చేయాలనుకునే సంస్థకు యూటీఎఫ్-8 తప్పనిసరి. అందులో మన అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటాయి.

ఇప్పుడు బ్యాకప్ మాట. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో, పోస్ట్‌గ్రెస్ నకలు సర్వర్ అసలుదానికి వెనకబడితే ఒక ఇంజనీర్ దాన్ని సరిచేస్తున్నాడు. నకలు సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తుడిచేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే ఒక్కటీ ఆదుకోలేదు. రోజూ తీయవలసిన పీజీ డంప్, సర్వర్ వెర్షన్‌కు సరిపడని పాత వెర్షన్‌తో నడిచి ఎప్పటికప్పుడు విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు గమ్యం చేరనే లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. దాంతో బయటపడ్డారు గానీ, ఆ ఆరు గంటల్లో నమోదైన 700 దాకా కొత్త ఖాతాలు పోయాయి. ఆ సంస్థ ఇదంతా దాచకుండా లోకానికి చెప్పింది, అందుకు మెచ్చుకోవాలి.

గుర్తింపు డేటాబేస్‌లో ఆరు గంటల వెనకటి కాపీ ఎక్కిస్తే పోయే ఖాతాలు పెద్ద సమస్య కాదు. ఖాతా పోయినవాడు వచ్చి అడుగుతాడు, మళ్లీ ఇస్తాం. తిరిగొచ్చే ఖాతాలతోనే చిక్కు. ఆ ఆరు గంటల్లో తొలగించిన ఉద్యోగి మళ్లీ హాజరవుతాడు. దొంగ చేతిలో పడిందని మార్చిన పాస్‌వర్డ్ మళ్లీ పాతదే అవుతుంది. పోయిన ఫోన్ మళ్లీ నమ్మకమైన ఫోన్ అవుతుంది. వీళ్లెవరూ వచ్చి ఫిర్యాదు చేయరు. అందుకని రాత్రికొక కాపీ అనే ఏర్పాటు ఇక్కడ చాలదు. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు ఒక లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్ ఫైళ్లను ఎప్పటికప్పుడు వేరేచోటికి పంపుతూ ఉంటే కోరిన నిమిషానికి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టవచ్చు. కీక్లోక్ కొత్త వెర్షన్‌కు మారే రోజున కూడా ఇదే అక్కరకొస్తుంది. కొత్త వెర్షన్ మొదలవుతూనే పట్టికల రూపాన్ని తనంతట తానే మార్చేస్తుంది, 3 లక్షల వరుసలు దాటిన పట్టికలకు కొత్త ఇండెక్స్‌లు మాత్రం కట్టకుండా, మీరే కట్టుకోండని ఆజ్ఞలను లాగ్‌లో రాసి వదిలేస్తుంది. నచ్చకపోతే వెనక్కి తిరగడానికి పాత బ్యాకప్ తప్ప దారి లేదు.

ఈ బరువంతా క్లౌడ్ సంస్థ నెత్తిన పెడితే పోలేదా అనేవాళ్లున్నారు. చాలా భాగం పెట్టవచ్చు, చిన్న సంస్థలు పెట్టడమే మేలని కూడా నా అభిప్రాయం. డిస్కు చెడిపోవడం, ప్యాచ్‌లు వేయడం, లాగ్ ఫైళ్లు భద్రపరచడం వాళ్లు మనకంటే బాగా చూస్తారు. ఏ నెట్‌వర్క్ నుంచి ఎవరు రావచ్చో, బ్యాకప్‌ను ఎవరు కాపీ చేసుకోవచ్చో, కీక్లోక్ యూజర్‌కు ఎంత హక్కు ఉండాలో వాళ్లు నిర్ణయించలేరు. మరికొందరు, మా యూజర్లందరూ యాక్టివ్ డైరెక్టరీ అనే వేరే ఖాతాల నిల్వలో ఉన్నారు, కీక్లోక్ కేవలం మధ్యవర్తి, దాని డేటాబేస్ పోతే ఏం పోయింది అంటారు. పాస్‌వర్డ్‌లు అక్కడే ఉంటాయి, ఒప్పుకుంటాను. సంతకం కీ, సెషన్లు, ఏ అప్లికేషన్‌లో ఎవరికి ఏ పాత్ర అన్నది ఇక్కడే ఉంటాయి. ఆ డైరెక్టరీని తెరిచేందుకు కీక్లోక్ వాడే పాస్‌వర్డ్‌ను కూడా, వాల్ట్‌లో పెట్టకపోతే, ఇదే డేటాబేస్ మోస్తుంది.

మన చట్టాలూ ఈ వైపు చూస్తున్నాయి. సైబర్ సంఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు దాచమంటాయి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో తెలపమంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. లాగిన్ ఘటనలన్నిటినీ గడువు పెట్టకుండా కీక్లోక్ డేటాబేస్‌లోనే పోగుచేస్తే అసలు పట్టికలు నెమ్మదిస్తాయి, గడువు మరీ తగ్గిస్తే 180 రోజుల లెక్క తప్పుతుంది. వాటిని వేరే లాగ్ సర్వర్‌కు పంపడం మేలు. ఇన్నిటికీ టైము ఎక్కడిదని అడిగే అధికారికి ఒక్క పరీక్ష చాలు. సేవ ప్రారంభించే ముందు ఒక యూజర్‌ను తొలగించండి, పది నిమిషాలు ఆగి, బ్యాకప్ నుంచి మరో యంత్రంలో డేటాబేస్‌ను నిలబెట్టండి, ఆ యంత్రంలో ఆ యూజర్ పేరుతో లాగిన్ ప్రయత్నించండి. లాగిన్ అయిందా లేదా, నిలబెట్టడానికి ఎన్ని గంటలు పట్టింది, ఈ రెండూ ఒక కాగితం మీద రాసి, ప్రారంభానికి అనుమతి ఇచ్చే సంతకం ఆ కాగితం కిందే పెట్టించండి.